సీతాఫలానికి వాయిదా లేదు

షాద్‌నగర్ స్టేషన్లో పొద్దున్నే నన్ను ముందు పలకరించింది ఒక వాసన. ప్లాట్‌ఫారం పొడుగునా గంపలు, గంపల మీద పచ్చి ఆకులు, ఆకుల కింద సీతాఫలాలు. ఒక గంప దగ్గర వంగి, మా ఊళ్ళో మామిడిపండును చూసినట్టు, బొటనవేలితో ఒక కాయను నొక్కి చూశాను.

"పిసుకకు బిడ్డా. కండ్లు జూడు" అంది గంప వెనకాల కూర్చున్న అమ్మ.

నాకు అర్థం కాలేదని తెలిసి కాయను చేతిలోకి తీసుకుని తిప్పి చూపించింది. కాయ ఒంటి మీద గడులు గడులుగా ఉంటాయి కదా, ఆ గడుల మధ్య సందు లేత పసుపుగా విచ్చుకుంటే కాయ కన్ను తెరిచినట్టు. అప్పుడే చెట్టు నుంచి తెంపాలి. కన్ను తెరవకముందు తెంపితే ఎంత గడ్డిలో పెట్టినా పండదు, నల్లబడి గట్టిగా ఉండిపోతుంది. తెరిచాక రెండు రోజులు ఆగితే చెట్టు మీదే పగిలి పిట్టల పాలవుతుంది. మా గోదావరి వైపు సీతాఫలం పెరట్లో ఒక చెట్టు, అంతే. ఇక్కడ అది గుట్టల మీద, పొలం గట్ల మీద తనంతట తాను పెరిగే బతుకుతెరువు. ఇదే లైను మీదున్న బాలానగర్ పేరుతోనే ఒక సీతాఫలం రకం దేశమంతా సాగవుతోంది.

నేను ఆ రోజు వెళ్తున్నది పళ్ళ కోసం కాదు. చంచల్‌గూడ మహిళా జైలుకి.

షాద్‌నగర్లో నాకొక అక్క ఉంది. రక్తసంబంధం కాదు, ఒక పెళ్ళిలో పక్కపక్కన కూర్చుని భోంచేసినప్పటి పరిచయం. బడిపంతులమ్మగా రిటైరై, ఒక చిన్న సేవాబృందంతో కలిసి ఆడఖైదీలకు పాఠం చెప్పడానికి వెళ్తోంది. పాఠం అంటే ధ్యానం, మంచి ఆలోచనలు, కోపం తగ్గించుకునే మార్గాలు. "పాజిటివ్ థింకింగ్ అంటరు చెల్లీ, నాకైతే ముచ్చట చెప్పుడే" అంటుంది. నాలుగేళ్ళుగా రమ్మంటోంది. నాలుగేళ్ళుగా నేను "వచ్చే నెల" అంటున్నాను. రాజమండ్రిలో పుట్టిన నాకు జైలు కొత్త కాదు. సెంట్రల్ జైలు గోడ పక్కనుంచే పెరిగాను. ఒకప్పటి డచ్చివాళ్ళ కోట అని చెప్పుకునే ఆ చోటు 1864 నుంచి జైలు. ఆడవాళ్ళకు వేరే జైలూ ఉంది. కానీ యాభై ఏళ్ళలో ఆ గోడకు అవతల ఏముందో చూడాలని ఒక్కనాడూ కాలు కదపలేదు. జైలు లోపల ఏముందో చూడడానికి రాష్ట్రం దాటి రావలసి వచ్చింది.

*

ముందు రోజు సాయంత్రమే షాద్‌నగర్ చేరాను. పాత పేరు ఫరూఖ్‌నగర్. నిజాం కాలంలో రెండుసార్లు ప్రధానిగా చేసిన మహారాజా కిషన్ పర్షాద్ ఉర్దూలో, ఫార్సీలో కవిత్వం రాసేవారు. ఆయన కలంపేరు 'షాద్'. ఊరికి ఆ పేరే వచ్చింది. షాద్ అంటే ఫార్సీలో సంతోషం. అంటే ఇది సంతోషనగరం. ఈ సంగతి అక్కకి చెబితే నవ్వి, "సంతోషనగరం నుంచి జైలుకు పోతున్నమన్నట్టు" అంది.

ఊరు మాత్రం కవిత్వంలా ఉండదు. హైవే పక్కన మక్కకంకులు కాల్చే బండ్లు, ఎరువుల దుకాణాలు, కొత్త వెంచర్ల జెండాలు, వాటి మధ్యలో ఇంకా అమ్ముడుపోని ఎర్రనేల. గోదావరి డెల్టాలో కళ్ళకు అడ్డం వచ్చేది కొబ్బరిచెట్టు. ఇక్కడ అడ్డం వచ్చేది బండరాయి. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చి మరిచిపోయినట్టు, ఇప్పుడో ఇంకాసేపటికో దొర్లుతాయేమో అన్నట్టు నిలబడి ఉంటాయి. అవి అలాగే కోట్ల ఏళ్ళుగా ఉన్నాయట. మాకు నది పారుతుంది కాబట్టి అన్నీ కదులుతాయనిపిస్తుంది. ఈ రాళ్ళను చూస్తూ పెరిగినవాళ్ళకు ఓపిక గురించి వేరే లెక్క ఉంటుందేమో.

రాత్రి అక్క ఇంట్లో జొన్నరొట్టె, పచ్చిపులుసు. చింతపండు పిసికిన చల్లనీళ్ళలో ఉల్లిపాయ, కాల్చిన పచ్చిమిరపకాయ నలిపి వేసింది. పొయ్యి మీదికి ఎక్కని పులుసు నాకు కొత్త. మా ఇళ్ళలో పులుసంటే బెల్లం వేసి, చిక్కబడేదాకా మరగాల్సిందే. "ఆకలైతే మరిగేదాంక ఎవరాగుతరు?" అంది అక్క రొట్టె విరుస్తూ.

అంతకుముందు, చీకటి పడకముందే అక్క నన్ను దగ్గర్లోని కన్హా శాంతివనానికి తీసుకెళ్ళింది. శ్రీరామచంద్ర మిషన్ డెబ్భై అయిదేళ్ళ సందర్భంగా 2020 జనవరిలో మొదలైన ధ్యానమందిరం అక్కడుంది. ఒక్కసారి లక్షమంది కూర్చోవచ్చు. మేం వెళ్ళినప్పుడు కొద్దిమందే ఉన్నారు. అంత చోటులో నా చెప్పుల సడి తప్ప వేరే చప్పుడు లేదనిపించింది, తర్వాత గుర్తొచ్చింది చెప్పులు బయటే వదిలానని. కాసేపు కళ్ళు మూసుకున్నాను. బయటికొచ్చాక అక్క అంది, "ఈడ నిశ్శబ్దం మనం ఎంచుకున్నది. రేపు సూస్తవు, ఎంచుకోనిది ఎట్లుంటదో."

*

తిరిగి వచ్చేటప్పుడు హైవే మీద ఒక వంతెన దాటాం. అక్క మాట్లాడడం ఆపేసింది. చటాన్‌పల్లి.

షాద్‌నగర్ పేరు దేశమంతా విన్నది 2019 నవంబరు చివర. శంషాబాద్ టోల్‌గేటు దగ్గర అపహరించిన ఒక యువ డాక్టర్ను చంపి, ఈ వంతెన కిందే కాల్చారు. దిశ అన్న పేరుతో గుర్తుంచుకున్నాం. డిసెంబరు 6 తెల్లవారుజామున నిందితులు నలుగురూ ఇదే చోటికి దగ్గర్లో పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ ఆ ఎదురుకాల్పులు నిజమైనవి కావని 2022లో చెప్పింది. ఆ పూలు చల్లిన రోజున మా ఇంట్లో టీవీ ముందు నేనూ "మంచి పనయింది" అన్నాను. ఎవరూ అడగకపోయినా ఇది రాయాలనిపించింది. ఎందుకంటే మర్నాడు నేను కలవబోయేవాళ్ళలో ఎక్కువమంది మీద తీర్పు ఇంకా రాలేదు. ఆ వంతెన దగ్గర ఒక్క వాయిదా కూడా లేకుండా అన్నీ అయిపోయాయి. వీళ్ళకి వాయిదాలు తప్ప ఇంకేం లేదు.

*

రైల్లో ఆడవాళ్ళు కాళ్ళు ముడుచుకుని మాకు చోటిచ్చారు. అడగలేదు, చూడగానే జరిగారు. గంపలు సీట్ల కింద, తలుపుల దగ్గర, మనుషుల ఒళ్ళలో. ఒకావిడ నా చేతిసంచి తీసుకుని తన గంప మీద పెట్టుకుంది. ఏ ఊరు, ఎవరింటికి, పిల్లలెందరు అన్నీ అయ్యాక "ఆడ ఏం పని?" అంది. అక్క జైలని చెప్పింది. ఆవిడ కాసేపు ఆగి, "మా వాడకట్టుల ఒక పిల్ల ఉంది అండ్ల" అంది. పేరు చెప్పలేదు. మేమూ అడగలేదు.

కిటికీలోంచి గునుగుపూలు, తంగేడు. బతుకమ్మ పండగకి ఇంకో వారముంది. పట్టాల పక్క తుప్పల్లో తంగేడు ఎంత పసుపంటే, మావైపు పెళ్ళిపందిట్లో తప్ప అంత పసుపు ఒక్కచోట చూడలేదు. తిమ్మాపూర్ దాటాక నేల చదునైంది, గోదాములు మొదలయ్యాయి. శంషాబాద్‌కి రైలుస్టేషను పేరు ఉందానగర్. అక్కడ విమానాలు తలమీదుగా దిగుతాయి. 2008 మార్చిలో విమానాశ్రయం వచ్చింది, దానితో భూముల ధరలు, కాంట్రాక్టులు, ఫ్రీ-హోల్డు, లే-అవుటు లాంటి మాటలూ వచ్చాయి. గంపలవాళ్ళు తలెత్తి చూడలేదు. ఒక చంటిపిల్లాడు మాత్రం ప్రతి విమానానికీ చెయ్యూపాడు. ఒకప్పుడు చిన్నగేజీ, తర్వాత పెద్దగేజీ ఒంటి లైను. రెండో లైను, కరెంటు పనులు పూర్తయి సికింద్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్ దాకా 85 కిలోమీటర్లను 2023 ఏప్రిల్లో జాతికి అంకితం చేశారు. క్రాసింగ్ కోసం అరగంటలు ఆగడం తప్పిందని గంపలవాళ్ళే చెప్పారు. సీతాఫలం మోసేవాళ్ళకి అరగంట అంటే డబ్బు.

ఫలక్‌నుమా వచ్చేసరికి ఊరి వాసన మారింది. కాచిగూడలో దిగి ఆటోలో వెళ్తుంటే రోడ్డు పక్క ఇరానీ చాయ్ పొగ, ఉస్మానియా బిస్కట్ల వేడి.

*

చంచల్‌గూడ జైలు నిజాం కాలం నాటిది. పక్కనే ఆడవాళ్ళ జైలు. జైళ్ళ శాఖ వి.కె.సింగ్ డైరెక్టర్ జనరల్‌గా ఉన్న రోజుల్లో ఇక్కడ ఎన్నో ప్రయోగాలు చేసింది. జైలు పక్కన పెట్రోలు బంకు పెట్టి ఖైదీలతో నడిపించడం ఒకటి. వేలిముద్ర వేసి లోపలికొచ్చినవాళ్ళు సంతకం పెట్టి బయటికెళ్ళాలన్న ఆలోచనతో విద్యాదానం ఒకటి. సైకాలజీ ప్రొఫెసర్ బీనా చింతలపూరి చేతుల్లో రూపుకట్టిన 'ఉన్నతి' ఇంకొకటి. మనిషి ఆలోచించే తీరు మారితే చేసే పని మారుతుందన్న మనస్తత్వశాస్త్రం మీద నడిచిన శిక్షణ అది.

గేటు ముందు ములాఖత్ కోసం జనం. మగవాళ్ళ జైలు వైపు పెద్ద గుంపు. అందులో ఎక్కువమంది ఆడవాళ్ళే, చంకలో బిడ్డ, చేతిలో సంచి. ఆడవాళ్ళ జైలు ముందు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఒక ముసలాయన, ఒక తల్లి, చెల్లెలిలా ఉన్న ఒక అమ్మాయి. భర్తలా కనిపించినవాడు ఆ పూట ఒక్కడూ లేడు. మొగుడు జైలుకెళితే పెళ్ళాం టిఫిన్ కట్టుకుని వస్తుంది. పెళ్ళాం జైలుకెళితే మొగుడు ఏం చేస్తాడో నేను అడగలేదు, అక్క చెప్పనూ లేదు. ఆ రెండు వరసలు పక్కపక్కన చూస్తే చాలు.

ఫోన్లు గేటు దగ్గర ఇచ్చి, రిజిస్టర్లో సంతకాలు పెట్టి, ఆడకానిస్టేబుల్ తనిఖీ అయ్యాక లోపలికి వెళ్ళే ముందు అక్క రెండే మాటలు చెప్పింది.

"ఏం కేసు అని అడుగకు. పాపం అని ముఖం పెట్టకు."

*

ముప్పైమంది దాకా కింద చాపల మీద కూర్చున్నారు. కొందరికి శిక్ష పడింది, ఎక్కువమంది రిమాండు. దేశమంతా ఇదే తీరు. జాతీయ నేర గణాంక సంస్థ లెక్కల్లో 2022 చివరికి జైళ్ళలో ఉన్న 5,73,220 మందిలో నూటికి 75 మందికి పైగా విచారణ ఖైదీలే. ఆడవాళ్ళు 23,772. నూటికి నలుగురు. అంత తక్కువమంది కాబట్టే జైలు అనే మాట వినగానే మనకి మగవాడి ముఖమే కనిపిస్తుంది. గదులు, కొలతలు, నియమాలు కూడా అలాగే పుట్టాయి.

చాపల మధ్య నడిచి ఇద్దరు చిన్నపిల్లలు వచ్చారు. ఒకడి చేతిలో ప్లాస్టిక్ గిన్నె మూత, దాన్నే స్టీరింగు చేసి తిప్పుతున్నాడు. ఆరేళ్ళు నిండేదాకా బిడ్డ తల్లి దగ్గర ఉండొచ్చు. తల్లి ఖైదీ అయినంత మాత్రాన బిడ్డను ఖైదీలా చూడకూడదని, తిండి, చదువు, ఆట అన్నీ ఉండాలని 2006 ఏప్రిల్లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు పేరు ఆర్.డి.ఉపాధ్యాయ్ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్. మన రాష్ట్రం పేరు మీదే దేశంలోని జైలుబిడ్డలందరి హక్కులూ రాసి ఉన్నాయని నాకు ఆ రోజు దాకా తెలియదు.

అక్క పాఠం ఊపిరితో మొదలుపెట్టింది. పీల్చడం, ఆపడం, వదలడం. తర్వాత ఒక్కొక్కరూ నిన్న జరిగిన ఒక మంచి సంగతి చెప్పాలి. ఎంత చిన్నదైనా సరే.

"పప్పుల ఉప్పు సరిపోయింది."

అందరూ నవ్వారు. వండినావిడ అక్కడే ఉందట.

"రాత్రి నిద్ర పట్టింది."

"నా కొడుకు ఫోన్ల మాట్లాడిండు. అమ్మా అన్నడు."

అక్క ఎర్ర అట్ట నోటుబుక్కులో ఇవన్నీ తారీఖు వేసి రాసుకుంటోంది. నా పక్కన పాతికేళ్ళు దాటని అమ్మాయి వంతు వచ్చింది. గోరు చాపలో గుచ్చుతూ, తలెత్తకుండా అంది: "మంచిగ ఆలోచించుమని మాకెందుకు చెప్తరు? బయట ఉన్నోళ్ళకు చెప్పుండ్రి. మేం లోపటికొచ్చింది వాళ్ళ ఆలోచన తోటే."

గది మొత్తం చప్పుడు లేదు. నాకేమో అక్క ఏదైనా సూక్తి చెప్పి సర్దేస్తుందేమోనని భయం. అక్క ఏమీ చెప్పలేదు. "ఇది గూడ రాసుకుంట" అని, సంచిలోంచి ఇంకో పుస్తకం తీసింది. నల్ల అట్టది.

ఆ పిల్ల వెనకాల కూర్చున్న పెద్దావిడ గొంతు సవరించుకుంది. అరవై ఉంటాయేమో, పాలమూరు మాట. "నాకు నిన్నటి మంచి లేదు, రేపటి మంచి లేదు. పద్నాలుగు తారీఖు వాయిదా ఉంది. దాంక ఏ ఆలోచనా లేదు."

"ఎన్నో వాయిదా అమ్మా?" అంది అక్క.

"లెక్క తప్పిన. ఇప్పుడు టీవీలనే సూపెడ్తరు. జడ్జిసారు ముఖం అరచెయ్యంత కానొస్తది. నా పేరు పిలుస్తరు. ఉన్న అంట. మల్ల తారీఖు ఇస్తరు. గంతే."

*

వాయిదా. ఈ మాటను నేను ఎన్నిసార్లు వాడి ఉంటానో. కోర్టులో తారీఖూ వాయిదాయే, పని రేపటికి తోసెయ్యడమూ వాయిదాయే, చీర అప్పుకు కొని నెలనెలా కట్టేదీ వాయిదాయే. మూడింటికీ ఒకే మాట ఎందుకో ఆ చాప మీద కూర్చున్నాక తెలిసింది. కోర్టు ఇచ్చే రోజు కోసం మనిషి తన రోజుల్ని తోసుకుంటూ పోతుంది. ఆ తోసిన రోజులకు మళ్ళీ తానే కిస్తీలు కడుతుంది.

జైళ్ళలో ధ్యానం నేర్పడం మన దేశంలో యాభై ఏళ్ళ నాటి పని. 1975లో జైపూర్ సెంట్రల్ జైల్లో విపశ్యన శిబిరం పెట్టారు. మరుసటేడు నాగార్జునసాగర్ రోడ్డులో ధమ్మఖేత్త వెలిసింది, దేశంలో విపశ్యన కేంద్రాల్లో మొదటిది మన హైదరాబాద్‌దే. కిరణ్ బేడీ తీహార్‌కి ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా ఉన్నప్పుడు, 1994లో, వెయ్యిమందికి పైగా ఖైదీలు విపశ్యన గురువు గోయెంకా ముందు పదిరోజులు మౌనంగా కూర్చున్నారు. తెల్లచీరల బ్రహ్మకుమారీలు జైళ్ళకు వెళ్ళి పాజిటివ్ థింకింగ్ చెప్పడం ఊరూరా తెలిసిందే. వాళ్ళ సంస్థ కూడా హైదరాబాద్‌లోనే పుట్టింది, ఈ హైదరాబాద్ కాదు, సింధ్‌లోది. 1937లోనే దాదా లేఖరాజ్ దాని నిర్వహణను ఆడవాళ్ళ చేతుల్లో పెట్టారు. ఆడవాళ్ళు ఇల్లు దాటి సత్సంగానికి వెళ్ళడమే ఇళ్ళవాళ్ళకు నేరంగా తోచిన కాలంలో.

ఇవన్నీ మంచివే. అయినా ఆ పిల్ల మాట నన్ను వదల్లేదు. లోపల ఉన్నదానికి మంచిగా ఆలోచించమని చెప్పడంలో ఒక సౌకర్యం ఉంది. తప్పు ఆమె ఆలోచనలో ఉందంటే కోర్టులో, ఇంట్లో, ఊళ్ళో ఏమీ వెతకనక్కర్లేదు.

మా రాజమండ్రి ఆడపిల్లే దుర్గాబాయి. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళి, మదురైలో ఒంటరి గదిలో పెట్టినా తట్టుకున్న మనిషి. జైల్లో తోటి ఆడఖైదీల కథలు విన్నాక ఆవిడకు ఒకటి అర్థమైంది. చట్టమంటే ఏమిటో తెలియకపోవడం వల్లే చాలామంది అక్కడికి చేరారని, తమ తరఫున మాట్లాడేవాళ్ళు లేకపోవడం వల్లే అక్కడ మిగిలారని. బయటికొచ్చి చదువు మళ్ళీ మొదలుపెట్టి, లాయరు అయింది. ఓదార్పు చెప్పడానికి ఆవిడకు నోరు లేకనా? కానీ ఆవిడ ఎంచుకున్నది నల్లకోటు.

అక్క నల్ల అట్ట పుస్తకంలో ఏముందో అప్పుడు చూశాను. పేరు, కోర్టు, లాయరు ఉన్నారా, పోయిన వాయిదా, వచ్చే వాయిదా. కొన్ని పేర్ల పక్కన "బెయిలొచ్చింది, జామీను లేదు" అని. కోర్టు వదిలేయమన్నా పూచీకి నిలబడే మనిషి దొరకక లోపలే ఉన్నవాళ్ళన్నమాట. ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ప్రభుత్వమే లాయరునివ్వాలని 1987 నాటి న్యాయసేవల చట్టంలో ఉంది. 2024 జూలైలో వచ్చిన కొత్త నాగరిక సురక్షా సంహితలో 479వ సెక్షన్ ఇంకొకటి. మొదటిసారి కేసులో చిక్కుకున్నవాళ్ళు, పడగల గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం విచారణలోనే గడిపేస్తే బెయిలు ఇవ్వాలి. మరణశిక్ష, యావజ్జీవం పడే కేసులకు, ఒకటికి మించి కేసులున్నవాళ్ళకు ఇది వర్తించదు. అక్క ఈ వివరాలు పంతులమ్మలా ఎక్కాలు చెప్పినట్టు చెబుతుంది, ఎవరి సంగతి దేని కిందికి వస్తుందో రాసుకుని న్యాయసేవా సంస్థకు చేరవేస్తుంది.

"ఎర్ర పుస్తకం ఒక్కటే పట్టుకొస్తే మోసం చెల్లీ. నల్లదొక్కటే తెస్తే ఎవ్వరూ వచ్చి కూసోరు" అంది తర్వాత.

*

పాఠం అయిపోవస్తుండగా ఆ పెద్దావిడే అడిగింది. "సీతాఫలాలు వచ్చినయా?"

"వచ్చినయ్."

"కండ్లు తెరిచినయా?"

పొద్దున్న స్టేషన్లో నేర్చుకున్నది నోటి చివరనే ఉంది నాకు. "తెరిచాయండీ, చూశాను" అన్నాను. అందరూ నా వైపు తిరిగారు. నా మాట తీరు విని ఎవరో "ఆంధ్ర మేడమా?" అన్నారు. "మీ దిక్కు ఎట్ల మాగబెడ్తరు?" అని ఇంకొకరు. బియ్యం డబ్బాలో పెడతామన్నాను. అంతే, ముప్పైమందీ మాట్లాడడం మొదలుపెట్టారు.

బియ్యంలో వేడెక్కి ఒకవైపే మెత్తబడతాయి. జొన్నచొప్పలో పెట్టాలి. చొప్ప కాదు, ఎండుగడ్డి. గడ్డి కింద వేపాకు. గోనెసంచి కప్పితే చాలు. మా అత్త కుండలో పెట్టి మూతి కట్టేది. ఒకటి పండితే చాలు, దాని వాసనకు మిగిలినవి పండుతాయి. రెండు రోజులు, మూడోనాడు తియ్యాలె, మరిచిపోతే పురుగు.

గోరుతో చాప గుచ్చుతున్న పిల్ల కూడా అంది, "కన్ను తెర్వకముందే తెంపితే పండది. మా నాయనకు ఎంత చెప్పినా ఇననేలేదు." ఆమె పండు గురించే అన్నదో ఇంకేదైనా అన్నదో తెలియదు. పక్కావిడ ఆమె వీపు మీద చెయ్యేసి అక్కడే ఉంచింది.

అరగంట గడిచింది. పళ్ళు లోపలికి తేవడానికి లేదు, అందరికీ తెలుసు. అయినా గదిలో గడ్డివాసన వేసింది. ఆ అరగంటలో ఎవరూ వాయిదా మాట ఎత్తలేదు, పెద్దావిడ కూడా. అక్క ఎర్ర పుస్తకంలో ఏం రాసుకుందో నేను చూడలేదు. ఆ రోజు పాఠం చెప్పింది మాత్రం అక్క కాదు, నేను అసలే కాదు.

వెళ్ళేముందు పెద్దావిడ నా చెయ్యి పట్టుకుంది. "పొయ్యేటప్పుడు రెండు కొనుక్కపో బిడ్డా. కన్ను సూసి తీస్కో. ఇంటికి పొయ్యేటాళ్ళకు పండుతయ్."

*

సాయంత్రం రైల్లో గంపలు ఖాళీగా తిరిగొస్తున్నాయి. ఖాళీ గంపలను ఒకదాన్లో ఒకటి దూర్చి, వాటికి ఆనుకుని ఆడవాళ్ళు కునుకుతున్నారు. ఉందానగర్ దగ్గర మళ్ళీ విమానాలు, ఈసారి దీపాలతో. షాద్‌నగర్ ప్లాట్‌ఫారం మీద మిగిలిన గంప ఒక్కటే. దీపం వెలుగులో కన్ను సరిగా కనిపించకపోయినా రెండు కాయలు తీసుకున్నాను. ఆవిడ ఒకదాన్ని చేతిలో తిప్పి "ఇది రేపటికి పండుతది, అది సూడాలె" అంది.

రాజమండ్రి చేరిన మూడోరోజున సెంట్రల్ జైలు గోడ పక్కనుంచి వెళ్తూ ఆటో ఆపమన్నాను. ఆడవాళ్ళ జైల్లో బయటివాళ్ళు పాఠం చెప్పాలంటే అర్జీ ఎవరి పేరున రాయాలో కనుక్కున్నాను. అదేం పెద్ద పని కాదు, పది నిమిషాలు పట్టింది. యాభై ఏళ్ళు పట్టింది ఆటో ఆపడానికి.

పద్నాలుగో తారీఖు రాత్రి అక్క ఫోను చేసింది. పెద్దావిడకు మళ్ళీ వాయిదా పడిందట. నల్ల పుస్తకం చూసి న్యాయసేవా లాయరు ఒకాయన ఆవిడ కాగితాలు తీసుకున్నాడట, ఏమవుతుందో చూడాలట. కాసేపాగి అక్క అంది:

"నిన్ను అడిగింది. సీతాఫలం పండిందా అని."

ఒకటి బ్రహ్మాండంగా పండింది, ఇంట్లో అందరం తిన్నాం. ఇంకొకటి నల్లబడి రాయిలా గూట్లో ఉంది, పారెయ్యడానికి చెయ్యి రాలేదు. ఏం చెప్పమంటావక్కా అన్నాను.

"రెండూ చెప్త తియ్" అంది అక్క.